డిక్కీలో పదిహేనంగుళాలు

నేను ఒక స్టెప్నీని. కారుకి ఎన్ని చక్రాలు అని అడిగితే చిన్నపిల్లలు కూడా నాలుగనే చెప్తారు. నన్ను కలిపి లెక్కేసిన మనిషిని ఇంతవరకూ చూడలేదు. ఫీలవ్వట్లేదు, విషయం చెప్తున్నానంతే.

చెన్నై అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. ఇనప రేకుని ప్రెస్సు కింద పెట్టి ఒక్క దెబ్బ వేస్తే నా ఒళ్ళు తయారైంది. నల్ల రంగు పూశారు, టైరు ఎక్కించారు, నా మొహం మీద పసుప్పచ్చ స్టిక్కరు అంటించి ఎనభై దాటొద్దని రాశారు. పుట్టీ పుట్టగానే నా మీద ఎవరికీ నమ్మకం లేదన్నమాట. అదే కారుకి బిగించే మిగతా నలుగురు మాత్రం అల్యూమినియం అలాయ్‌లు. పదహారంగుళాలు, తళతళలు. నేను పదిహేను. పైకి అందరి ఎత్తూ ఒకటే, లోపల ఇనుమే తేడా.

మా కారు చూడ్డానికి చిన్నది, ఇంజను మాత్రం టర్బో. నడవడం ఇష్టం లేని రకం. మొదటి ఓనరు గుంటూరులో మిర్చి వ్యాపారి గారబ్బాయి. బండి కొన్నదే కాలేజీ ముందు రెండు రౌండ్లు వేయడానికి. రెండేళ్ళు నా మీద క్రికెట్ కిట్టు పెట్టాడు. కింద చక్రం ఉందన్న సంగతి అతనికి తెలుసనుకోను. పెళ్ళి కుదిరాక పెద్ద బండి కావాలని దీన్ని అమ్మేశాడు. అట్లా కుసుమ గారి చేతికి వచ్చాం.

కుసుమ గారిది విజయవాడ పటమటలో డ్రైవింగ్ స్కూలు. నలభై ఐదు దాటాయి. తెల్లారినప్పటి నుంచి చీకటి పడేదాకా ఇరవై స్పీడులో కూర్చుని, "క్లచ్ అమ్మా, క్లచ్, అది బ్రేకు" అంటూ ఉంటుంది. అలా వారమంతా ఓర్చుకున్న మనిషి సెలవు రోజున మా బండి తీస్తుంది. ప్రకాశం జిల్లాలో బ్రిటిష్ వాళ్ళు వదిలేసిపోయిన పాత రన్‌వే ఒకటుంది. ఏడాదికి మూడు నాలుగుసార్లు అక్కడ కోన్లు పెట్టి టైము రేసు జరుపుతారు. ఒక్కొక్కళ్ళే కోన్ల మధ్య నుంచి తిప్పుకుంటూ వెళ్ళి రావాలి. ఎవరి టైము తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. అక్కడికొచ్చే కుర్రాళ్ళు మొదటిసారి ఆవిణ్ణి చూసి, "ఆంటీ, ఎవర్ని తీసుకొచ్చారు?" అని అడిగారు. రెండోసారి అడగలేదు.

డిక్కీలో ఉండే నాకు ఇవన్నీ ఎలా తెలుసంటే, వెనక సీటుకీ నాకూ మధ్య ఒక పల్చటి అట్ట తప్ప ఏమీ లేదు. మనుషులు కార్లో కూర్చుంటే ఇంట్లో చెప్పుకోనివన్నీ చెప్పుకుంటారు.

ఇక లహరి. కుసుమ గారి అక్క కూతురు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, అదే ఊళ్ళో పంపులు చేసే కంపెనీలో డిజైన్ పని చేస్తుంది. పిన్నికి టీము మేనేజరు, మెకానిక్కు, తిట్లు తినే మనిషి, అన్నీ తనే.

పోయినేడు పిన్నికి కుడి చేతి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. ఇరవై ఏళ్ళుగా పక్క సీట్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ స్టీరింగులు లాగీ లాగీ మణికట్టులో నరం నొక్కుకుపోయిందట. చిన్న ఆపరేషన్ చేశారు. రెండు నెలలు స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. ఆ రెండు నెలల్లో లహరి ఒక ఆలోచన చేసింది. పిన్ని తిరిగొచ్చేసరికి బండికి కొత్త చక్రాలు వేసి సర్‌ప్రైజ్ ఇవ్వాలి.

ఈ సైజుల సంగతి కాస్త చెప్పాలి. టైరు పక్కన మూడు నంబర్లుంటాయి. మొదటిది వెడల్పు, రెండోది టైరు గోడ ఆ వెడల్పులో ఎంత శాతం అన్నది, చివరిది రిమ్ము ఎన్ని అంగుళాలన్నది. జాతకంలాగే అందరి దగ్గరా ఉంటుంది, ఎవరూ చదవరు. రిమ్ము పెంచినా మొత్తం చక్రం ఎత్తు మారకూడదు. మారితే స్పీడోమీటరు అబద్ధాలాడుతుంది, టైరు పైన మడ్‌గార్డుకి రాసుకుంటుంది. లహరి దీన్ని ఫోన్లో ఫ్రెండుకి ఇలా చెప్పింది. "గారె సైజు మారకూడదే. చిల్లు పెద్దది చేయాలంటే పిండి తగ్గించాలి. అంతే లాజిక్."

లాజిక్ బాగానే ఉంది. ఆటోనగర్‌లో టైర్ల షాపు మస్తాన్ గారు ఇంకా బాగా చెప్పారు.

"పదిహేడు వేస్తే ఎవరూ గుర్తుపట్టరు మేడం. పద్దెనిమిది వేయండి. బండి పులి మాదిరి ఉంటది."

"గోడ మరీ సన్నం కదా మస్తాన్ గారూ?"

"రేసు బళ్ళకి గోడలెక్కడుంటయ్ మేడం? అవి ఇళ్ళకి."

లహరి నవ్వింది. నవ్వినప్పుడే మస్తాన్ గారు రెండు చక్రాలు బయటికి దొర్లించేశారు. ఆయన తప్పేం లేదు, లహరి లెక్కలోనూ తప్పు లేదు. ఎత్తు ఒక్క శాతం కూడా సరిగా తేడా రాలేదు. వెడల్పు రెండు వేళ్ళంత పెరిగింది, చక్రం బాడీకి సమానంగా బయటికొచ్చి నిలబడింది. ఫోటోలకి భలే ఉంది. ఆ పద్దెనిమిదులు ఒక్కొక్కటీ ఎంత బరువున్నాయో మాత్రం లహరి చూడలేదు. నాకు తెలుసు, పాత నలుగుర్నీ విప్పి వీళ్ళని దించినప్పుడు నేల అదిరింది. పాతవాళ్ళు ఎక్స్ఛేంజిలో మస్తాన్ గారి షాపులోనే ఉండిపోయారు. ఒక్క మాట చెప్పుకోకుండా విడిపోయాం. కొత్తవాళ్ళకి పసుపు, కుంకుమ, కింద నాలుగు నిమ్మకాయలు. డిక్కీ ఎవరూ తెరవలేదు.

కుసుమ గారు ఆపరేషన్ తర్వాత మొదటిసారి స్టీరింగు పట్టుకున్నది ఆ చక్రాల మీదే.

"అబ్బో, ఏంటే ఇది, పెళ్ళికూతురిలా ఉంది" అంది. బందరు రోడ్డెక్కాం. కాసేపు మాటలున్నాయి. తర్వాత లేవు. రోడ్డు మీద లారీలు వేసిన గాడి ఎటు పోతే చక్రాలు అటు పోతున్నాయి. చిన్న గతుక్కి కూడా స్టీరింగు చేతిలో ఎగురుతోంది. మలుపులో మాత్రం రోడ్డు నుంచి చేతికి ఏ సమాచారమూ లేదు, ఫోన్లో సిగ్నల్ పోయినట్టు. నేను వెనక పడుకునే ఇదంతా వింటున్నాను. నా పక్కనే ఉన్న ఆ వెనక చక్రాలు రోడ్డుతో మాట్లాడట్లేదు, దాన్ని కొడుతున్నాయి.

"ఎలా ఉంది పిన్నీ?" అంది లహరి ఆశగా.

"బాగుందే." చాలా మామూలుగా అంది. "నా చెయ్యే ఇంకా కుదురుకోలేదనుకుంటా."

అక్కడ జరిగింది తప్పు. ఒకే రోజు రెండు మారాయి, చెయ్యీ, చక్రమూ. కొత్త చక్రాలు ఇచ్చింది ప్రేమగా పెంచిన పిల్ల. కాబట్టి అనుమానం చేతి మీదికే పోయింది. ఒకేసారి రెండు మార్చకూడదని లహరి కాలేజీ ల్యాబులో మొదటి రోజే నేర్చుకుని ఉంటుంది. కానీ అది మోటార్లకి వర్తిస్తుంది, పిన్నులకి కాదనుకుంది.

ఆ నెల రేసులో కుసుమ గారి టైము ముందుకంటే మూడు సెకన్లు ఎక్కువొచ్చింది. అక్కడ మూడు సెకన్లంటే మూడు తరాలు. ఒక మలుపులో బండి జారి గడ్డిలోకి పోయింది కూడా. ఎవరికీ ఏం కాలేదు. తిరిగొస్తున్నప్పుడు లహరి స్టీరింగు పట్టింది. పిన్ని పక్క సీట్లో వేళ్ళు ఒక్కొక్కటే మడిచి తెరుస్తూ కూర్చుంది.

"డాక్టరు బాగయిందన్నాడు కదా పిన్నీ."

"డాక్టరు చేతికి చెప్పాడు. బండికి చెప్పలేదు."

"ఇంకొన్నాళ్ళు ఆగు, వచ్చేస్తుంది."

పిన్ని వేళ్ళు మడవడం ఆపింది. తర్వాత అంది. "రేసు పోతే పోయిందే. ఎవరో ఆడపిల్ల నేర్చుకోడానికొచ్చి బందరు కాలవ గట్టు మీద బండిని కాలవలోకి పోనిస్తుందనుకో. పక్కన కూర్చుని స్టీరింగు లాగాల్సింది నేను. ఈ చేత్తో లాగగలనో లేదో నాకే తెలీదు. పరాయిపిల్లతో ఆ జూదం ఆడనా?"

లహరి గేరు మార్చింది. జవాబు నా దగ్గర ఉంది. నాకు నోరు లేదు. ప్రపంచంలో చాలా సమస్యలు ఇంతేననుకుంటాను, సమాధానం డిక్కీలో ఉంటుంది.

కుసుమ గారు కొత్తవాళ్ళని చేర్చుకోవడం ఆపేసింది. స్కూలుకి తాళం వేస్తే బోర్డు ఎవరికివ్వాలా అని ఆలోచించింది. రాజమండ్రిలో ఒకాయనకి బండి కావాలని తెలిస్తే, ఇచ్చేస్తానని చెప్పేసింది. ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. లహరి నడుపుతోంది. హనుమాన్ జంక్షన్ దాకా ఇద్దరూ వంకాయ ధరల గురించీ, ఎదురింటి వాళ్ళ కుక్క గురించీ మాట్లాడారు. అంటే అసలు విషయం మాట్లాడే ధైర్యం ఇద్దరికీ లేదన్నమాట.

జంక్షన్ దాటాక ఒక గుంట వచ్చింది. పెద్దదేం కాదు, మన రోడ్ల లెక్కలో పసిగుంట. నా అంత గోడ ఉన్న టైరయితే మింగేసి ఊరుకునేది. ముందు ఎడమవైపు పద్దెనిమిది ఠప్పుమని పేలింది.

బండి పక్కకి తీశారు. డిక్కీ తెరుచుకుంది. అట్ట లేచింది. ఇన్నేళ్ళకి మొదటిసారి ఎండ నా మొహం మీద పడింది. లహరి నన్ను చూసి, "అయ్యో, దీన్ని మార్చడం మర్చిపోయా" అంది. నా జీవితంలో నేను విన్న మొదటి పలకరింపు అది.

అన్నట్టు, మిగతా అందర్నీ మార్చి స్టెప్నీని మర్చిపోవడం ఒక్క లహరి తప్పే కాదు. పెద్ద చక్రాలేసుకున్న ఏ బండి డిక్కీ అయినా తెరిచి చూడండి, నాలాంటివాళ్ళే పాత సైజులో పడుకుని ఉంటారు.

జాకీ వేసి, నట్లు విప్పేటప్పుడు స్పానరు జారి లహరి అరచెయ్యి చెక్కుకుపోయింది. నన్ను ఎక్కించి నట్లు బిగించేసరికి రెండు చేతులూ ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు పట్టుకోలేవు, జరుగు" అంది పిన్ని.

"మరి నీ చెయ్యి?"

"ఇద్దరికీ కలిపి రెండు చేతులున్నాయి కదా, చాల్లే. మెల్లిగా పోదాం."

అలా ఆవిడ స్టీరింగు పట్టుకుంది. నేను రోడ్డు మీద పడ్డాను. రోడ్డంటే ఏంటో అప్పుడు తెలిసింది. వేడిగా ఉంది, గరుగ్గా ఉంది, ఒక్కో అడుగూ ఒక్కోలా ఉంది. నాకు తెలిసినదల్లా నా గోడ మడుస్తూ, లేపుతూ పైకి పంపాను. అటువైపు పద్దెనిమిది తన పని తను చేస్తోంది, అంటే కొడుతోంది.

బండి ఎడమకి లాగుతోంది. లహరి సైన్సు మొదలెట్టింది. "సైజులు తేడా కదా పిన్నీ. ఇది సన్నం, అది వెడల్పు. లాగుతుంది. కంగారుపడకు."

పిన్ని వినట్లేదు. స్టీరింగుని కాస్త ఇటు, కాస్త అటు కదిపింది. మళ్ళీ కదిపింది. నాతో ఎవరో మాట్లాడుతున్నట్టే ఉంది.

"సైజు కాదే. ఇందులో గాలి తక్కువుంది."

"ఇప్పుడే కదా ఎక్కించాం. చూస్తే బాగానే ఉంది."

"చూస్తే కాదు. మలుపులో కాస్త ఆలస్యంగా ఒరుగుతోంది. సగం గాలే ఉంది. ఇరవై లోపే ఉంటుంది."

నిజమే. ఫ్యాక్టరీలో నింపిన గాలి తర్వాత నాకు ఎవరూ గాలి కొట్టింది లేదు. సిగ్గుతో చెప్తున్నా, గాలి లేని నా బతుకు ఆ రోజుకి అదృష్టమైంది.

బంకులో ఆపారు. గాలి కుర్రాడు గేజి పెట్టాడు. "పద్దెనిమిదుందండి. ముప్పై మూడు కొట్టాలి" అన్నాడు. కొట్టాడు. లహరి కదలకుండా నిలబడిపోయింది. గేజి వంక చూసింది, పిన్ని చేతుల వంక చూసింది. ఆ పిల్ల మొహంలో లెక్క మొత్తం తిరిగి మొదట్నుంచీ జరగడం నేను చూశాను.

"పిన్నీ. పాడైపోయిన చేతికి టైర్లో గాలెంతుందో తెలుస్తుందా?"

పిన్ని తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"మూడు నెలల్నుంచి నీకేమీ తెలియలేదు. ఈ చక్రం మీద ఫర్లాంగు పోగానే తెలిసింది. నీ చెయ్యి బాగానే ఉంది. నేనే దాని నోరు నొక్కేశాను. నా సైజులు."

"అవన్నీ లెక్కలేసే కదే కొన్నావు."

"లెక్క కరెక్టే పిన్నీ. ప్రశ్నే తప్పు. ఎంత పెద్దది పడుతుందని అడిగాను. నీకేం కావాలని అడగలేదు."

కుసుమ గారు బానెట్‌కి ఆనుకుని కాసేపు హైవే చూసింది. కళ్ళు తుడుచుకుందా, చెమట తుడుచుకుందా, నాకున్న ఎత్తులోంచి తెలియలేదు. తర్వాత గట్టిగా ఊపిరి వదిలింది. నాలో గాలి నిండిన చప్పుడూ, ఆవిడలోంచి గాలి పోయిన చప్పుడూ ఒకలాగే ఉన్నాయి.

"ఆయనకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పు. ముందు నన్నేదైనా తిననివ్వు. పొద్దున్నుంచీ మింగుడుపడలేదు."

ఏలూరులో పెసరట్టు తిని వెనక్కి తిరిగాం. దారంతా ఆవిడే నడిపింది. అమ్మేద్దామన్న మనిషి, బండికి వచ్చే ప్రతి చప్పుడుకీ పేరు పెట్టుకుంటూ వచ్చింది. "నీకు ఇంజనీరింగ్ సీటు ఎవడిచ్చాడే" అని మధ్యలో రెండుసార్లు అడిగింది. లహరి ఆనందంగా తిట్లు తింది.

ఇంటికెళ్ళాక లహరి పిన్ని బరువు చూసుకునే మిషన్ బయటికి తెచ్చింది. మొదట పద్దెనిమిదిని ఎక్కించింది. తర్వాత నన్ను. నేను ఇనుమునైనా ఐదు కిలోలు తక్కువున్నాను. జీవితంలో మొదటిసారి నాకు నాజూకు అన్న బిరుదొచ్చింది. ఆ మిషన్ మీద నన్ను దొర్లిస్తూనే ఒక్కసారి ఆగి, నా లోపలి వైపు చెయ్యి పెట్టి చూసింది.

"పిన్నీ, ఇంత చిన్న రిమ్ము ముందు బ్రేకుకి తగలకుండా పట్టింది."

"పట్టబట్టే కదే ఇంటికొచ్చాం."

"అంటే పదిహేను పడుతుంది. చిన్న చక్రం, తేలిక చక్రం, మందమైన గోడ. ఇన్నాళ్ళూ నేను పైకే చూస్తున్నాను."

మస్తాన్ గారు ఒప్పుకోలేదు. "అందరూ పైకెళ్తుంటే మీరు కిందికొస్తారేంటి మేడం? జనం ఏమనుకుంటారు?"

"జనం వెనక అద్దంలో కనిపిస్తారు లెండి" అంది కుసుమ గారు.

పాత పదహారులు ఎప్పుడో ఎవరికో వెళ్ళిపోయాయి. తేలికపాటి పదిహేనంగుళాల అలాయ్‌లు నాలుగు తెప్పించారు. ఈసారి లహరి ఒక్కొక్కటే మార్చింది. వెడల్పులో రెండు రకాల టైర్లు తెచ్చి ఒకటి తర్వాత ఒకటి ఎక్కించి, నోరు మూసుకుని పక్కన కూర్చుంది. పిన్ని రెండూ నడిపి, "వెడల్పుది పట్టు బాగుంది. కానీ ఆ రన్‌వే గతుకుల మీద నాకు సన్నదే చెప్తుంది ఏం జరుగుతోందో" అంది. సన్నదే ఖాయం చేశారు. ఎత్తు నాలుగు శాతం తగ్గింది. స్పీడోమీటరు ఇప్పుడు ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. గొప్పలు చెప్పుకునే మనుషుల మధ్య అదొక్కటే నిజం చెప్పి ఏం సాధిస్తుంది.

నాకూ వాళ్ళకి వేసినలాంటి టైరే వేశారు. ఐదుగురం ఒకే సైజు. ఎనభై దాటొద్దన్న స్టిక్కరు లహరి గోటితో గీకేసింది. సగం ఊడింది, సగం ఊడలేదు.

రేసు రోజు వచ్చింది. బండి తేలికవ్వాలని డిక్కీలోవన్నీ దింపేస్తారు. నన్నూ దింపి టెంటు పక్కన గడ్డిలో పడుకోబెట్టారు. అలా మొదటిసారి మా బండి పరిగెత్తడం బయటి నుంచి చూశాను.

మొదటి రౌండు ఆవిడ జాగ్రత్తగా వెళ్ళింది. మరీ జాగ్రత్తగా. స్కూలు పిల్లలకి నేర్పేటప్పుడు వెళ్ళినట్టు. టైము చదివినప్పుడు లహరి గోళ్ళు కొరుక్కుంటోంది. మా వెనక ఎవడో కుర్రాడు, "పదిహేనులేసుకొచ్చారు, ఆటో అనుకున్నారేమో" అన్నాడు. లహరి వెనక్కి తిరగలేదు. నేను తిరగలేను.

రెండో రౌండుకి బయల్దేరేముందు కుసుమ గారు హెల్మెట్ పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. జెండా ఊపారు. మొదటి కోను, రెండోది, ఎడమ, కుడి. గతుకుల దగ్గర చక్రాలు చిన్నగా మోకాళ్ళు వంచినట్టు వంగి లేచాయి. ఇంతకుముందు గడ్డిలోకి జారిన మలుపు వచ్చింది. బండి వెనకభాగం కొంచెం పక్కకి పోయింది. లహరి చేతిలో గ్లాసులో నీళ్ళు నా మీద ఒలికాయి. కారు లోపల ఆ రెండు చేతులు ఏం చేశాయో నాకు కనపడలేదు. బండి మాత్రం, వెళ్ళే దారి ముందే అనుకున్నట్టు, నిమ్మళంగా సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆపరేషన్‌కి ముందు తను చేసిన మంచి టైము కంటే ముప్పావు సెకను తక్కువ. ఆ రోజు మొత్తం మీద నాలుగో స్థానం. కప్పులు మూడే ఉంటాయి. లహరి మాత్రం కప్పొచ్చినట్టే కూలబడి ఏడ్చింది.

కుసుమ గారు బండి దిగి, హెల్మెట్ తీసి, ఎక్కడ కూర్చోవాలా అని చూసి, నా మీద కూర్చుంది. టీ తెమ్మంది. రెండు గుటకలు తాగేలోపు ఫోన్ మోగింది. డ్రైవింగ్ నేర్చుకోవాలని ఎవరో అమ్మాయి.

"ఆఁ, చేర్చుకుంటున్నానమ్మా. రేపు పొద్దున ఆరింటికి రా. చెప్పులు కాదు, బూట్లేసుకో." అవతల ఏదో అడిగింది. కుసుమ గారు టీ గ్లాసు ఎడమ చేతిలోకి మార్చుకుంది. "కాలవ గట్టు మీదే నేర్పిస్తా. అక్కడైతేనే త్వరగా వస్తుంది. భయమెందుకు, పక్కన నేనుంటా కదా. నువ్వు కాలవవైపు తిప్పితే నేను ఇటు లాగేస్తాను."

సాయంత్రం లహరి నన్ను ఎత్తి డిక్కీలో పెట్టి, మీద అట్ట వేసింది. మళ్ళీ చీకటే. స్టీరింగు దగ్గర ఎవరున్నారో తెలిస్తే చీకటి పెద్ద ఇబ్బందేం కాదు.